యాభై నిమిషాల దూరం

మా ఎయిర్‌పోర్టు కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్ళు టికెట్టు ధర కన్నా ముందు రెండు ప్రశ్నలు వేసేవాళ్ళు. ఎంత దూరం, ఎంతసేపు. నేను తల ఎత్తకుండానే చెప్పేదాన్ని, "రెండు వందల పది కిలోమీటర్లు, యాభై నిమిషాలు" అని. నిద్రలో లేపి అడిగినా అదే చెప్తావని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఒకరోజు నిజంగానే లేపి అడిగాడు. చెప్పానట.

ఎయిర్‌పోర్టు అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. కారే పైకప్పున్న ఒక హాలు, దాని మీద రేడియో గది, పక్కన రేకుల షెడ్డు, ముందు ఒకే ఒక రన్‌వే. టికెట్టు రాసేది నేనే, సామాను తూచేది నేనే, మనుషుల్ని తూచేదీ నేనే. ఆరుగురు ఎక్కే విమానంలో మనిషి బరువు కూడా లెక్కలోకి వస్తుంది. కాస్త ఒళ్ళున్న ఆడవాళ్ళు తూకం ఎక్కేటప్పుడు నన్ను ముల్లు వైపు చూడొద్దని బతిమాలేవాళ్ళు. పెట్రోలు పోసేది మా నాన్న. విమానం నడిపేది మా ఆయన. "ఇది ఎయిర్‌పోర్టా, మీ ఇంటి పెరడా?" అనేవాడు రేడియో బాబాయ్. మైకు ముందు కూర్చుని ముప్పై ఏళ్ళుగా నాన్నతో కలిసి పనిచేస్తున్న మనిషి, ఆయనకి ఆ చనువు ఉంది.

నాకు విమానమంటే భయం. మేడ మెట్లెక్కితేనే కళ్ళు తిరుగుతాయి. పైలట్ పెళ్ళాన్నయి ఉండి ఒక్కసారీ ఎక్కలేదు. మా ఆయన గాల్లో ఉన్నంతసేపూ నా ప్రాణం గడియారంలో ఉండేది. అవతలి ఊరి నుంచి "దిగింది" అని కబురు వచ్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేదాన్ని కాదు. ఆయనకి మాత్రం భయమన్నది ఏ కోశానా లేదు. బస్సెక్కినట్టు ఎక్కేవాడు, ఈల వేసుకుంటూ దిగేవాడు.

ఆ వానాకాలం మొదట్లోనే రెండు ఊళ్ళకీ మధ్యనున్న వంతెన కూలింది. చుట్టు తిరిగి పోతే రోడ్డు మీద పదకొండు గంటలు. దాంతో ఊరు ఊరంతా మా కౌంటరు మీద పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా సరిగ్గా అప్పుడే పాత విమానం మూలపడింది. రెండో పైలట్ సెలవు మీద వెళ్ళి వంతెనకి అవతల చిక్కుకుపోయాడు, మెకానిక్కూ అక్కడే. పై ఆఫీసు వాళ్ళు కొత్త విమానం ఒకటి పంపి చేతులు దులుపుకున్నారు. దాన్ని నడపడానికి మా ఆయన ఒక్కడే.

అవతలి ఊరికి పెట్రోలు లారీ కూడా ఆ వంతెన మీదుగానే వెళ్ళాలి కాబట్టి అక్కడ చుక్క దొరకదు. రానూ పోనూ రెండింటికీ ఇక్కడే పోసి పంపాలి. లెక్క సులువు. ఆ ఇంజను నిమిషానికి లీటరు తాగుతుంది. పోవడానికి యాభై, రావడానికి యాభై, గాలికీ వానకీ అరవై మిగులు. మొత్తం నూట అరవై లీటర్లు, రెక్కకి ఎనభై చొప్పున. అంతకన్నా పోస్తే ఆ చిన్న రన్‌వే మీద ఆరుగురితో లేవడం కష్టం.

చిన్న విమానాల్లో పెట్రోలు ముల్లుని ఎవరూ నమ్మరు. పెట్రోలు పోసేవాడు రెక్క ఎక్కి, ట్యాంకులో కొలకర్ర ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో చూస్తాడు. తర్వాత పైలట్ కూడా ఎక్కి తన కళ్ళతో చూసుకోవాలి. అది పద్ధతి. మా ఆయన కూడా పెళ్ళికి ముందు అలాగే చూసుకునేవాడు. అప్పట్లో నాన్న ఆయన్ని "కెప్టెన్ గారూ, చూసుకోండి" అనేవాడు.

పెళ్ళయిన నాలుగో రోజు డ్యూటీకి వెళ్ళినప్పుడు నాన్న అలవాటుగా కర్ర చాపాడు. "బాబూ, చూసుకో" అన్నాడు.

మా ఆయన నవ్వి, "మీరు చూశారు కదా మామగారూ" అని సీట్లోకి ఎక్కేశాడు.

ఆ ఒక్క మాటకి నాన్న వారం రోజులు నేల మీద నడవలేదు. కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. "అల్లుడంటే అలా ఉండాలయ్యా, మామ చేతి కొలత మీద అనుమానం లేదు" అని. నాకూ గర్వంగానే ఉంది. ఆ రోజు మొదలు మా ఆయన మళ్ళీ రెక్క ఎక్కలేదు. నాన్న రెక్క మీద నుంచి "నూట అరవై" అని కేకేసేవాడు, నేను చీటీ మీద నూట అరవై అని రాసేదాన్ని.

నాకు ఒక సంగతి తెలుసు, మా ఆయనకి తెలియదు. ఆ వానాకాలానికి ముందు చలికాలంలో ఒక పొద్దున నాన్న నాకు టీ పోస్తూ గ్లాసు పక్కన పోశాడు. బల్ల మీద టీ పారుతుంటే ఇంకా పోస్తూనే ఉన్నాడు. నేను కెటిల్ పట్టుకున్నాను.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"కొంచెం మసకేనే. పొగమంచులా ఉంటుంది, అంతే" అన్నాడు. ఆ పైన గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకు తల్లీ. ఇంకో ఏడాదిన్నర. రిటైరయ్యాక ఆపరేషన్ చేయించుకుంటా. ఇప్పుడు బయటపడితే రేపే ఇంటికి పంపుతారు" అన్నాడు.

మేముండేది నాన్న ఉద్యోగానికిచ్చిన ఎయిర్‌పోర్టు క్వార్టర్‌లో. అమ్మ పోయింది కూడా ఆ ఇంట్లోనే. నేను సరేనన్నాను. ఆ రోజు నుంచి ఆయన కాగితాలు నేనే చదివేదాన్ని, సంతకం పెట్టే చోట వేలు ఆనించి చూపించేదాన్ని.

కొత్త విమానం వచ్చిన రెండో వారంలో ఒక సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన మామూలుగా అన్నాడు.

"మామగారూ, కొత్తదాని ముల్లు ఎందుకో బాగా కిందికి చూస్తోందండీ. దిగేసరికి పావు కూడా ఉండట్లేదు."

నాన్న చెయ్యి కంచంలో ఆగింది. "ముల్లుదేముంది బాబూ? పాతదాని ముల్లు పదేళ్ళు సగం దగ్గర ఇరుక్కునే ఉంది. అయినా ఎగరలేదా? ముల్లు అబద్ధమాడుతుంది గానీ కర్ర ఆడదు."

"అంతేలెండి. మెకానిక్ వచ్చాక చూపిద్దాం" అని మా ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

నాన్న మంచినీళ్ళ గ్లాసు కోసం బల్ల మీద వేళ్ళతో తడుముకుంటున్నాడు. నేను దాన్ని ఆయన చేతి కిందికి జరిపాను, మా ఆయన చూడకుండా.

మర్నాడు షెడ్డుకి వెళ్ళి నాన్నని అడిగాను. "కర్ర మీద గీత నీకు కనబడుతోందా నాన్నా?"

"కనబడక్కర్లేదే పిచ్చిదానా. నా బొటనవేలికి కళ్ళున్నాయి" అన్నాడు. కర్ర తీసి చూపించాడు. పది లీటర్లకొక గాటు, కత్తితో చెక్కింది. ట్యాంకులోంచి తీయగానే వేలు పైనుంచి కిందికి జారుస్తాడట. పెట్రోలు తడి తగలగానే చల్లగా జివ్వుమంటుందట. అక్కడి నుంచి గోటితో గాట్లు లెక్కపెడతాడు. "కళ్ళున్నవాడు పొరపడతాడేమో గానీ ఈ వేలు పొరపడదు" అన్నాడు.

నా ముందే రెండు సార్లు ముంచి చూపించాడు. రెండు సార్లూ ఒకటే చెప్పాడు. నేను ఊరుకున్నాను. ఊరుకోవాలనే ఉంది కాబట్టి ఊరుకున్నాను.

కొత్త విమానం వచ్చిన పద్దెనిమిదో రోజు అది. మధ్యాహ్నం ట్రిప్పుకి వెనక నుంచి గాలి తోసింది. నలభై నిమిషాల్లో అవతల దిగాడు. రేడియో బాబాయ్ మెట్ల మీద నుంచి తొంగి చూసి, "మీ ఆయన ఇవాళ రాకెట్టు నడిపాడే! వచ్చేటప్పుడు మాత్రం ఎదురుగాలి, డెబ్బై పైనే పడుతుంది, కంగారు పడకు" అన్నాడు. కంగారు పడకు అంటే నేను మానేస్తానా. మూడూ పదికి అవతల లేచిందని కబురొచ్చింది. నాలుగూ ఇరవై దాటాక వస్తాడు అనుకుని గడియారం ఎదురుగా కూర్చున్నాను.

మూడున్నర దాటాక చినుకులు మొదలై హాల్లో పైకప్పు కారడం మొదలెట్టింది. బకెట్టు కోసం షెడ్డుకి వెళ్ళాను. బకెట్టు పీపాల వెనక ఉంది. దాని మీద పొడుగాటి అట్టపెట్టె ఒకటి అడ్డంగా పడి ఉంది. కొత్త విమానంతో పాటు వచ్చిన పెట్టె. ఒక కొస చింపి, మళ్ళీ టేపు అంటించి ఉంది. లోపల ఏముందో చూద్దామని తీశాను.

కొలకర్ర. కొత్త విమానం నంబరు దాని మీద రాసి ఉంది. ఒక్కసారి కూడా పెట్రోలు తగలని, తెల్లగా మెరిసిపోతున్న కర్ర.

పెట్రోలు పోసేవాడి కూతుర్ని, నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రతి విమానానికీ దాని కర్ర దానిదే. వెడల్పాటి గిన్నెలో నాలుగు వేళ్ళ నీళ్ళూ, గ్లాసులో నాలుగు వేళ్ళ నీళ్ళూ ఒకటి కావు కదా. పాత విమానం ట్యాంకు వెడల్పు. కొత్తదానిది సన్నం.

నాన్న వెనకనుంచి వచ్చాడు. ఆయన చేతిలో గుడ్డతో తుడుస్తున్న కర్ర. గాట్లున్న కర్ర. పాత కర్ర.

"నాన్నా, ఇదేంటి?"

చేతిలో పెట్టాను. తడిమి చూడగానే ఆయనకి అర్థమైంది. "దాని మీద గీతలు రంగుతో వేశారే" అన్నాడు మెల్లగా. "చేతికి తగలవు. ట్యాంకు ట్యాంకే కదా, మహా అయితే ఒకటీ అరా తేడా ఉంటుందిలే అనుకున్నా."

రెండు కర్రలూ నేల మీద పక్కపక్కన పెట్టాను. పాతదాని మీద ఎనభై గాటు ఉన్నచోట కొత్తదాని మీద అరవై నాలుగు ఉంది. రెక్కకి పదహారు లీటర్ల తేడా, రెండు రెక్కలకీ ముప్పై రెండు. మా ఆయన నూట అరవైతో కాదు, నూట ఇరవై ఎనిమిదితో ఎగురుతున్నాడు. పద్దెనిమిది రోజులుగా.

లెక్క దానంతట అదే నా తలలో నడిచింది. పోవడానికి నలభై అయిపోయాయి. మిగిలింది ఎనభై ఎనిమిది. మూడూ పదికి లేచాడు. నాలుగూ ముప్పై ఎనిమిదికి ఇంజను ఆగిపోతుంది. షెడ్డు గోడ మీద గడియారం మూడూ యాభై చూపిస్తోంది.

"రేడియో గదికి పోతున్నా" అని లేచాను.

నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆగవే. ఎన్నింటికి దిగుతాడు?"

"నాలుగూ ఇరవై రెండుకి."

"మరింకేం? ఇంకా పదహారు నిమిషాల పెట్రోలు ఉంటుందిగా. రోజూ వస్తూనే ఉన్నాడు, ఇవాళా వస్తాడు. వచ్చాక నేనే చెప్తా, వాడి కాళ్ళు పట్టుకునైనా చెప్తా. రేడియోలో చెప్పకు తల్లీ. రెండు ఊళ్ళూ వింటాయి."

ఆ చెయ్యి నా మణికట్టు వదల్లేదు. నా చిన్నప్పటి నుంచీ పెట్రోలు వాసన వేసే చెయ్యి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పదహారు నిమిషాలు ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. బకెట్టు తీసుకుని హాల్లోకి వెళ్ళాను.

అప్పటిదాకా నేనంత భయపడ్డది లేదు. బకెట్టులో చుక్క పడ్డప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని. టికెట్టు పుస్తకం మీద గీతలు గీస్తూ పదహారు, పదహారు అని లోలోపల అనుకుంటున్నాను. నాలుగూ అయిదుకి ఒకాయన గొడుగు దులుపుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"ఎంత దూరమండీ? ఎంతసేపు పడుతుంది?"

నేను ఆయన మొహంలోకి చూశాను. "తెలియదండీ" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఇదేం ఆఫీసో అని గొణుక్కుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

నాలుగుంపావుకి వాన మీద పడింది. అప్పటిదాకా కురిసింది వానే కాదన్నట్టు కురిసింది. అద్దంలోంచి రన్‌వే మాయమైంది, ముళ్ళతీగ మాయమైంది, చివరికి పది గజాల్లో ఉన్న జీపు కూడా కనబడలేదు. నేను మెట్లెక్కి పైకి పరిగెత్తాను. కళ్ళు తిరుగుతున్నా ఆగలేదు.

రేడియో బాబాయ్ మైకులో మాట్లాడుతున్నాడు. "ఇక్కడ కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనబట్టం లేదు బాబూ. నువ్వెక్కడున్నావ్?"

మా ఆయన గొంతు గరగరమంటూ వచ్చింది, ఎప్పటిలాగే తీరుబడిగా. "మీ నెత్తి మీదే ఉన్నా బాబాయ్. కింద అంతా తెల్లగా ఉంది. పెట్రోలు ఇంకో యాభై నిమిషాలకి ఉంది. అరగంట పైనే తిరిగి, వాన తగ్గాక దిగుతా."

గోడ గడియారం నాలుగూ ఇరవై.

నేను బాబాయ్ చేతిలోంచి మైకు లాక్కున్నాను. ఆయన కసరబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు.

"నేనండీ."

"నువ్వేంటి అక్కడ?"

"మీ దగ్గర యాభై నిమిషాలకి లేదు. పద్దెనిమిదికే ఉంది."

గరగర. "ఎవరన్నారు?"

మెట్ల మీద అలికిడైంది. నాన్న తడిసి ముద్దయి, గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపే చూస్తున్నాడు గానీ నేను ఎక్కడున్నానో ఆయనకి సరిగా తెలియడం లేదు.

"పాత కర్రతో కొలిచారు" అన్నాను.

మళ్ళీ గరగర.

"పాత కర్రా?"

"ఊఁ."

"సరే. బాబాయ్‌కివ్వు" అన్నాడు. అంతే.

తర్వాత నేను చేసిందేమీ లేదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు బాబాయ్ చెప్పిన పనల్లా చేశాను. జీపునీ, మంటలార్పే నీళ్ళ బండినీ రన్‌వే మొదట్లో చెరో పక్క నిలబెట్టి లైట్లు వేయించాం. నాన్న వానలోకి పోతానంటే నేనే పట్టుకుని కూర్చోబెట్టాను. కనబడని మనిషి రన్‌వే మీద ఏం చేస్తాడు? ఆయన కుర్చీలో రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఇంజను శబ్దం వచ్చినవైపల్లా తల తిప్పుతూ ఉన్నాడు.

మొదటిసారి శబ్దం మా పైకప్పు మీదుగా పోయింది. అద్దాలు గజగజలాడాయి. దిగలేదు. "తప్పింది, మళ్ళీ వస్తా" అన్నాడు మా ఆయన. గొంతులో తీరుబడి లేదు. అప్పుడు నాలుగూ ఇరవై తొమ్మిది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆ గోడకి తెల్ల సున్నం, పైన ఒక పగులు, పగులు పక్కన ఎవరో పెన్సిలుతో కూడికలు వేశారు. ఆ కూడికలు నాకిప్పటికీ గుర్తున్నాయి.

నాలుగూ ముప్పై అయిదుకి బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. "లైట్లు చూశాట్ట" అన్నాడు. ఆ తర్వాత రన్‌వే మీద నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు వినబడింది. చాలా పొడుగ్గా వినబడింది. ఆగింది.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆరుగురూ దిగి హాల్లోకి వస్తున్నారు. వాళ్ళకేమీ తెలియదు. ముందు నడుస్తున్నావిడ నన్ను చూసి చీర అంచులు పిండుకుంటూ, "ఏమ్మా, యాభై నిమిషాలన్నావు? గంటన్నర పట్టింది!" అని నిలదీసింది. "అవునండీ, తప్పే" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ కంగారుపడి, "అయ్యో, ఏదో అన్నాలే, ఊరుకో" అని నా వీపు తట్టింది.

మా ఆయన షెడ్డులోకి వెళ్ళి కొత్త కర్ర తెచ్చుకున్నాడు. వాన తెరిపివ్వగానే రెక్క ఎక్కి మూత తీసి ముంచాడు. పైకి తీసి చూశాడు. రెండో రెక్కలో కూడా ముంచి చూశాడు. కింద నిలబడ్డ నాన్న, "ఎంతుంది బాబూ?" అని అడిగాడు. మా ఆయన మూత బిగించి కిందికి దిగాడు. కర్ర చివర గోరంత తడి ఉంది, నేను చూశాను.

సాయంత్రం ఇంట్లో ఎవరమూ దీపం వేయలేదు. నాన్న వరండాలో స్టూలు మీద కూర్చున్నాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి తల తుడుచుకుంటున్నాడు. ముందు నాన్నే మాట్లాడాడు. ఆయన తిట్లు తినడానికి సిద్ధపడి ఉన్నాడు, అవి రాకపోయేసరికి తట్టుకోలేకపోయాడు.

"ఒక్కసారైనా ఎక్కి చూసుకోలేదేం బాబూ? అందరూ చూసుకుంటారుగా" అన్నాడు. తిట్టినట్టే అన్నాడు.

"మీరు కొలిచారు కదా మామగారూ" అన్నాడు మా ఆయన.

నాన్న తల దించుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూశాను గానీ దగ్గరికి పోలేకపోయాను.

లోపలి గదిలోకి వచ్చాక మా ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

ఈ ప్రశ్నకి నేను మైకు ముందు కన్నా ఎక్కువ భయపడ్డాను. అప్పుడే తెలిసింది, తెలియగానే పైకి పరిగెత్తుకొచ్చాను అని చెప్పొచ్చు. నాన్న కూడా నోరు మెదపడు. మా ఆయన నమ్ముతాడు. ఎప్పుడూ నమ్మాడు.

"కళ్ళ సంగతి చలికాలం నుంచి తెలుసు" అన్నాను. "కర్ర సంగతి మూడూ యాభైకి."

ఆయన తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. "మూడూ యాభైకి నేను సగం దాటి కొంచెం ముందుకొచ్చాను. అప్పుడు చెప్పుంటే వెనక్కి తిరిగేవాణ్ణి. వెనక గాలి. ఇరవై రెండు నిమిషాల్లో అక్కడ దిగేవాణ్ణి. అక్కడ ఎండ కాస్తోంది."

పైలట్ పెళ్ళాన్ని, దూరాలూ నిమిషాలూ నోటికి చెప్పేదాన్ని, నాకు ఆ లెక్క తట్టనే లేదు. వస్తున్నవాడి దూరం చూసుకున్నాను గానీ, తిరిగిపోవడం ఒకటుందని ఆలోచించలేదు. మా నాన్న పరువు పక్కన పెట్టుకుని లెక్క వేశాను, అందుకే.

ఆ వానాకాలం అయ్యేసరికి మేము క్వార్టర్ ఖాళీ చేశాం. నాన్న తనంతట తనే పై ఆఫీసు పెద్దసారు దగ్గరికి వెళ్ళి, నాకు కళ్ళు కనబడవు అని చెప్పేశాడు. ఆపరేషన్ అయ్యాక చూపు బాగానే వచ్చింది. వచ్చిన చూపుతో అల్లుడి మొహంలోకి తిన్నగా చూడటానికి మాత్రం ఆయనకి చాలాకాలం పట్టింది. వంతెన కట్టారు, మెకానిక్ వచ్చాడు, ముల్లు చూసి అది సరిగ్గానే ఉందన్నాడు.

అదంతా తర్వాతి మాట. ఆ రాత్రి మా ఆయన అటు తిరిగి పడుకునే ముందు ఒక్క మాట అన్నాడు. "రేపు ఎనిమిదింటి ట్రిప్పులో ఒక సీటు ఖాళీ. నువ్వు రా. పెట్రోలు నువ్వే కొలువు, నువ్వే ఎక్కు."

కోపంతో అన్నాడో ఇంకెందుకన్నాడో నాకు తెలియలేదు, అడిగే మొహం నాకు లేదు. పొద్దున్నే నిచ్చెన వేసుకుని రెక్క ఎక్కాను. కొత్త కర్ర ముంచాను. ఒకసారి కాదు, ఒక్కో ట్యాంకులో మూడేసిసార్లు. "నూట అరవై" అన్నాను. ఆయన ఏమీ అనకుండా తనూ ఎక్కి ముంచి చూసుకున్నాడు. నాకు మనసు చివుక్కుమనలేదు, హాయిగా అనిపించింది.

ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. చక్రాలు నేల విడిచినప్పుడు కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి మా హాలూ, షెడ్డూ, మా క్వార్టరూ కింద అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. వాన వెలిసి ఆకాశం కడిగినట్టు ఉంది. గాలి లేదు. ఆయన ఈల వేయడం లేదు. రెండు చేతులూ కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి, ప్రతి రెండు నిమిషాలకీ కళ్ళు పెట్రోలు ముల్లు మీదికి పోయి వస్తున్నాయి.

"భయమేస్తోందా?" అని అడిగాడు, నా వైపు తిరగకుండానే.

"ఊఁ. చాలా."

"నాకూ" అన్నాడు. "మొన్నటిదాకా ఉండేది కాదు."

నేను ఆయన మోచేతి మీద చెయ్యి వేశాను. తీసెయ్యమనలేదు. ఇంకా నలభై నిమిషాల ప్రయాణం ఉంది.